పదకొండు మందికి నలభై బురఖాలు

మెడ వెనక ఏదో గుచ్చుకుంటోంది. చీటీ అయి ఉంటుంది, కొత్త బట్టకు కుట్టి వదిలేసే అట్టచీటీ, తెంపుకుందామంటే చేయెత్తాలి, చేయెత్తితే ఎదురుగా కెమెరా, అది నా చేతిని ఏం చేస్తుందో తెలియదు, కన్నీళ్ళు తుడుచుకుంటోందని అనవచ్చు, శాపనార్థాలు పెడుతోందని అనవచ్చు, అందుకే గుచ్చుకోనీ అని కూర్చున్నాను. శామీర్‌పేట చెరువుకట్ట దిగువన మైదానం, పైన షామియానా, ముందు వరసలు వరసలుగా కుర్చీలు, స్టేజీ మీద ఎడమ చివరి కుర్చీలో నేను, నా తల వెనక గుడ్డ మీద ‘ముస్లిం మహిళా సదస్సు’ అని నాకంటే పెద్ద అక్షరాలు. శివరాత్రి ఇంకా వారం ఉంది, చలి శివశివా అనకముందే ఎండ ముదిరింది, ఈ నల్లబట్ట కింద చీర తడిసి వీపుకు అంటుకుపోయింది. పెద్దాయన రావడానికి ఇంకో గంట పడుతుందట. ఆయన పేరెందుకు, గోడల మీద చేతులు జోడించుకుని నవ్వుతుంటారే, వాళ్ళలో ఒకాయన. ఆయన వచ్చాక నన్ను పిలుస్తారు, నేను లేచి మైకు దగ్గర రెండు నిమిషాలు మాట్లాడాలి. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసిచ్చారు, అది నా గుప్పిట్లో చెమటకు మెత్తబడుతోంది. నేను మాట్లాడాలని వచ్చింది మాత్రం అది కాదు. రేపు ఉదయం తొమ్మిదింటికి మేడ్చల్ కాలేజీలో నా బిడ్డ రిదాకు ప్రాక్టికల్స్, ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. పందొమ్మిది రోజులుగా అది గడప దాటలేదు. రేపు కూడా దాటకపోతే ఏడాది పోయినట్టే. ఎలా దాటించాలో ఈ గంటలో తేలాలి.

నలభై బురఖాలు తెచ్చాడు లక్ష్మణ్ పటేల్. మా అత్వెల్లి ద్రాక్షతోట ఆయనదే, ఇరవయ్యేళ్ళు అందులో కూలి చేశాను, పోయినేడు తోట నరికించి ప్లాట్లు చేశాడు, ఇప్పుడు మండలంలో పార్టీ పనులన్నీ ఆయన చేతిమీదే నడుస్తాయి. పొద్దున మా గల్లీ మొగదల డీసీఎం బండి ఆపి మూటలు విప్పించాడు, సిటీ నుంచి తెప్పించిన కొత్త బురఖాలు, గంజి వాసన, మడతల గీతలు కూడా పోలేదు. మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఊళ్ళో బురఖా వేసేదెవరు? మా అత్తకు ఒకటుండేది, సిటీలో పెళ్ళికి పోతే సికింద్రాబాద్‌లో బస్సు దిగి వేసుకునేది, తిరుగు బస్సెక్కాక తీసి సంచిలో కుక్కుకునేది. ద్రాక్షపందిరి కింద వంగి గుత్తులను మందులో ముంచే పనికి అది వేసుకుంటే మోకాళ్ళ దాకా తడిసి ముద్దవుతుంది, కొంగు తలమీదికి లాక్కుంటే అదే మా పరదా. బురఖా మీద నాకు కోపమేమీ లేదు, మా ఆడబిడ్డ కూతురు బోరబండలో వేసుకునే తిరుగుతుంది, వేసుకునే బ్యాంకులో పని చేస్తుంది, దాని జోలికి ఎవరైనా వస్తే నాలుగు దులిపి పంపిస్తుంది, అది దాని ఇష్టం. మూటలోంచి తీసి కొలత చూడకుండా పంచిపెట్టడం మాత్రం నాకు మండింది. పైగా మావాళ్ళం వచ్చింది పదకొండు మందిమి. బండి సగం కూడా నిండలేదు. లక్ష్మణ్ పటేల్ తల గోక్కున్నాడు, ఎవరికో ఫోను కొట్టాడు, ప్లాట్లలో హద్దులకు రాతికడీలు పాతే పనికి వచ్చిన ఆడవాళ్ళను ఇంకో బండిలో ఎక్కించాడు. సాకలోళ్ళ ఆడవాళ్ళు, మాదిగ వాడ ఆడవాళ్ళు, గొల్లోళ్ళ పోరి ఒకతి. “మొకం మూస్తె ఎవరికెరుక? నలభై తలకాయలన్నరు, నలభై ఉండాలె” అన్నాడు. వాళ్ళకు ఇదొక తమాషా అయింది, బండిలో ఒకరి ముసుగు ఒకరు సర్దుకుంటూ శామీర్‌పేట దాకా కిలకిలలే. ఇప్పుడు ముందు నాలుగు వరసల్లో నల్లగా వాళ్ళే కూర్చున్నారు. కెమెరాకు పైనుంచి నడుం దాకానే కావాలేమో, కింద ఏముందో దానికి పట్టలేదు. నాకు స్టేజీ మీంచి కాళ్ళన్నీ కనబడుతున్నాయి, మెట్టెలు, పసుపు, ఒకామెకు చీలమండల మీద పచ్చబొట్లు. ముందు వరస మూడో కుర్చీలో ఒకామె ముసుగు లోపలికి వేలు పెట్టి నుదురు గోక్కుంటోంది, బొట్టు చెమటకు కారి కంట్లో పడుతున్నట్టుంది పాపం. నవ్వు వచ్చింది. నవ్వితే కూడా ఏదో ఒకటి చేస్తారని నవ్వు మింగాను.

నాకు ఇంత భయం ఎప్పటి నుంచి పట్టుకుంది? పందొమ్మిది రోజుల నుంచి. అంతకు ముందు నేను ఇలా లేను, నా నోరు ఊరందరికీ తెలుసు. డిసెంబర్‌లో ఒకనాడు మేడ్చల్ బస్టాండ్‌లో నరసింహ మైకు పట్టుకుని కాలేజీ పిల్లల్ని అడిగాడట, బస్సుల సమస్య మీద. నరసింహ పరాయివాడు కాదు, మేడ్చల్ పిల్లవాడే, ఏదో టీవీ చానల్‌కు ఈ మండలం వార్తలు పంపుతుంటాడు. ఆనాడు చలిగాలికి రిదా నల్ల చున్నీ తలకు చుట్టుకుంది, గాలికి కళ్ళల్లో నీళ్ళు. మా ఊరి దగ్గర ఏడున్నర బస్సు ఆపరు, వెనక పరుగెత్తాలి, కండక్టర్‌ను అడిగితే తిడతాడు, ఇంట్లో చెబితే నడిచి పొమ్మంటారు, అది ఇవన్నీ చెప్పి చివర్న, “మా బాధ ఎవరికి చెప్పుకోవాలి సార్?” అంది. బస్సు బాధ! ఇంటికొచ్చి మురిసిపోయింది, అమ్మీ నేను టీవీలో వస్తాను చూడు అని. వారం రోజులు చూశాం, రాలేదు, మరిచిపోయాం. జనవరి చివర్లో ఒక సాయంత్రం అరగంట కార్యక్రమం వచ్చింది, సిటీలో ముసలి షేకులకు ఆడపిల్లల్ని కట్టబెడుతున్న పేద తల్లుల మీద. నేను పప్పులో చింతపండు పిసుకుతూ సగం చూస్తున్నాను, సగం లేదు. ఎవరిదో గొంతు గంభీరంగా చెబుతోంది, నగర శివార్లకూ పాకిన దళారులు అని, బేరానికి నిలబడ్డ పసిమొగ్గలు అని. తెరమీద నా బిడ్డ. ముఖానికి చదరపు మసక పెట్టారు. ఆ మసక సరిగ్గా నిలబడలేదు, రిదా తల తిప్పినప్పుడల్లా పక్కకు జారింది, ముక్కు కనబడింది, ఒకసారి మొత్తం ముఖమే కనబడింది. ఆకుపచ్చ సంచీ. నేను అతుకు వేసిన సంచీ. అప్పుడు ఆ గంభీరమైన గొంతు ఆగింది, రిదా గొంతు వినబడింది, ఆ ఒక్క మాటే, మా బాధ ఎవరికి చెప్పుకోవాలి సార్. నా చేతిలో చింతపండు అలాగే ఉంది. నా బిడ్డ ఏనాడూ వేసుకోని పరదాను వాళ్ళు దాని ముఖం మీద వేశారు, అది కూడా జారిపోయేటట్టు వేశారు.

హకీంపేట నుంచి విమానం వస్తోంది. మైదానం మీదుగా తక్కువ ఎత్తులో పోయింది, షామియానా గుడ్డ దడదడలాడింది, మైకులో హలో హలో అంటున్న మనిషి ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. అలాంటివి జరగవని నేననను. ఎక్కడో సిటీలో నిజంగానే ఏ పిల్లనో తాతలాంటి వాడికి కట్టబెట్టి ఉంటారు, ఆ పిల్ల నోరు తెరిచి చెప్పుకోవాలని చూసి ఉంటుంది. మరి ఆ పిల్లను ఎందుకు అడగలేదు? ఆ పిల్ల మాట ఆ పిల్లకు లేకపోయె, మా పిల్ల బస్సు మా పిల్లకు లేకపోయె. నరసింహను పట్టుకుని నిలదీశాను, వాళ్ళింటికే పోయి. వాడు తల దించుకున్నాడు. “నేను బస్సు బిట్టే పంపిన అమ్మా. ఆడ డెస్కుల కూసున్నోళ్ళు ఫైల్ల నుంచి తీసి పెట్టుకున్నరు. గది నా చేతుల లేదు.” ఫైల్లో ఉందట నా బిడ్డ. ఎప్పుడు ముస్లిం ఆడపిల్ల కావాలన్నా తీసి వాడుకునేటట్టు, డబ్బాలో పోపుదినుసుల్లాగా. తప్పయిందని మీ టీవీలో చెప్పమన్నాను, వాడు నవ్వలేక నవ్వాడు, అట్ల ఎప్పుడూ చెప్పరన్నాడు. నాల్గు రోజుల కింద మళ్ళీ వాడే వచ్చి, శామీర్‌పేటలో సభ ఉంది, లైవ్ పెడుతున్నారు, లైవ్‌లో నువ్వేం మాట్లాడితే అదే పోతుంది, మధ్యలో కట్ చేసేటందుకు ఉండదు అని చెప్పాడు. ఆ లైవ్ అనే మాట పట్టుకుని నేను ఇక్కడిదాకా వచ్చాను. రిదా ఏమందంటే, వాళ్ళే అది అబద్ధమని చెప్పేదాకా బస్సెక్కను అంది. గోడవైపు తిరిగి పడుకుని అంది. ఇంట్లో టీవీకి దుప్పటి కప్పి పెట్టింది.

మా ఆయన ఖాలిక్ వద్దన్నాడు. బోరు మోటార్లకు రాగితీగ చుట్టే మనిషి, చుట్టు తప్పితే విప్పి మళ్ళీ మొదటి నుంచి చుట్టే ఓపిక ఉంది, మాటలకు మాత్రం ఓపిక లేదు. “చుప్ బైఠో సాలేహా” అన్నాడు, మనం నోరు విప్పిన కొద్దీ వాళ్ళకు సరుకు దొరుకుతుంది అన్నాడు. ఆ కార్యక్రమం వచ్చిన మూడోనాడు జాహిద్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు, మేడ్చల్‌లో చెప్పుల దుకాణం అతనిది, పెద్దరికం చేస్తుంటాడు, కౌమ్ పరువు, మనవాళ్ళందరి పరువు పోయిందన్నాడు, పిల్లను చదువు మానిపించి ఇంట్లో పెట్టుకో భాబీ అన్నాడు. మర్నాడు లక్ష్మణ్ పటేల్ వచ్చాడు, మీ పిల్లను మేం కాపాడుతాం అన్నాడు. ఎవరి నుంచి పటేలా అని అడిగితే లేచి బండెక్కాడు. ఒకరికి మేం దాచిపెట్టాల్సిన పరువు, ఒకరికి కాపాడాల్సిన దిక్కులేనివాళ్ళం. రిదాకు ప్రాక్టికల్స్ ఎప్పుడని ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. సభలో మాట్లాడతానని నేనే పోయి చెబితే పటేల్ ఇచ్చిన కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి, నేను ఒక అభాగ్య ముస్లిం మాతృమూర్తిని, అజ్ఞానపు చీకట్లో మగ్గుతున్న మా జాతికి, అని మొదలవుతుంది. మాతృమూర్తి! మా అమ్మ పోయినప్పుడు కూడా ఆ మాట ఎవరూ అనలేదు.

చీకటి అంటే గుర్తొచ్చింది. రిదాకు నాలుగేళ్ళప్పుడు, అంటే తొంభై మూడో ఏమో, మా ఊళ్ళో రాత్రి బడి పెట్టారు, పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే బడి. నేను ఏడో తరగతి దాకా చదివాను, తెలుగు మీడియం, అందుకని నన్నే చెప్పమన్నారు. ముప్ఫై మంది ఆడవాళ్ళకు పలకలు పంచి అ ఆలు దిద్దించేదాన్ని. ఒకసారి పేపరాయన ఫోటోకు వచ్చాడు, వచ్చీ రాగానే ఇందులో ముస్లిం మహిళ ఎవరమ్మా అన్నాడు. చేయెత్తాను. ఆయనకు నమ్మకం కలగలేదు, నా నేతచీరనూ గాజులనూ చూసి, కొంగు ఇంకాస్త ముందుకు లాక్కొమ్మన్నాడు, ఇంకాస్త, ఇంకాస్త, కళ్ళు మాత్రం కనబడేదాకా. పక్కనున్న బాలమణక్క చేతిలో పలక తీసి నా చేతిలో పెట్టాడు. మర్నాడు పేపర్లో నేను, కింద ‘పరదాల చీకటి నుంచి అక్షరాల వెలుగులోకి’. ఆ పలక మీదున్న వంకర టింకర అ ఆలు బాలమణక్కవి! పాఠం చెప్పేది నేను, పేపర్లో నేర్చుకునేది కూడా నేనే. బాలమణక్క ఆ పేపరు పట్టుకుని తోటంతా తిరిగి చూపించింది, “గీ పేపరోల్లకు కండ్లు లేవే సాలమ్మా, పంతులమ్మను పట్టుకొని పలకిచ్చిండ్రు” అని కడుపు పట్టుకుని నవ్వింది. ఊళ్ళో అందరికీ నేను సాలమ్మనే, సాలేహా అనడానికి వాళ్ళ నాలుక తిరగదు. ఆ పేపరును ఊళ్ళో ఒక్క మనిషీ నమ్మలేదు, ఎందుకంటే ప్రతి రాత్రీ లాంతరు పట్టుకుని ఇళ్ళ ముందుకొచ్చి పలకరించే పంతులమ్మ నేనేనని వాళ్ళకు తెలుసు. అప్పుడు నాకు నొప్పి కూడా తగల్లేదు.

నొప్పి ఇప్పుడు తగిలింది, అదీ బాలమణక్క చేతుల మీదుగా తగిలింది. ఇది ఎవరికీ చెప్పలేదు, ఖాలిక్‌కు కూడా చెప్పలేదు. రిదా పుట్టింది తోటలో, మోటారు కొట్టంలో, వాన పడుతుంటే, బొడ్డు కోసింది బాలమణక్క. రిదాకు ఆమె పెద్దమ్మ. పక్కపక్క సాళ్ళలో ఇరవయ్యేళ్ళు పనిచేశాం, రంజాన్‌లో నేను రోజా ఉన్న దినాల్లో ఎండపూట నా వరస కూడా ఆమే లాగేసేది, నా ముందు నీళ్ళు కూడా తాగేది కాదు. అలాంటి మనిషి ఆ కార్యక్రమం వచ్చిన మర్నాడు పొద్దున్నే వచ్చి మా గడప మీద కూర్చుంది. తరువాత నా చేయి పట్టుకుని, మెల్లగా, లోపల రిదాకు వినబడొద్దని, “నిజంగనే ఇస్తనన్నవా పిల్లను? గంత కష్టమొస్తె నాకొక్క మాట జెప్పకపోతివి” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. నా మీద ప్రేమతోనే అడిగింది, నాకు తెలుసు, తెలిసీ నా ఒళ్ళంతా మండిపోయింది. పో అన్నాను. తలుపు మొహం మీద వేశాను. టీవీ వాడెవడో అనుకుంటే అనుకున్నాడు, వాడికి నేనెవరో తెలియదు. బొడ్డు కోసిన చేతులకు తెలియదా? పందొమ్మిది రోజులైంది, బోరింగు దగ్గర ఎదురుపడితే బిందె ఎత్తుకుని వచ్చేస్తున్నాను. రిదా ఇదంతా తలుపు వెనక నుంచి విందేమో అని నా అనుమానం. బస్టాండ్‌లో ఎవరో కొత్తవాళ్ళు చూస్తారని అంత భయపడే పిల్ల కాదు అది. పెద్దమ్మే నమ్మిందంటే ఇక ఎవరు నమ్మరు అనుకుని ఉంటుంది.

చానల్ నుంచి వచ్చిన అమ్మాయి స్టేజీ ఎక్కి నా పక్కన కుర్చీ లాక్కుంది, జీన్సు ప్యాంటు, మంచిపిల్లలాగే ఉంది. హిందీలో అడిగింది, ఆప్‌కో క్యా తక్లీఫ్ హై, మీకేం బాధ అని. చెమట పోస్తోందమ్మా, మెడ వెనక చీటీ గుచ్చుకుంటోంది, అన్నాను తెలుగులో. ఆ అమ్మాయి కంగారుపడి, మీరు మీ భాషలోనే చెప్పండి ఆంటీ, పర్లేదు అంది. ఇదే నా భాష అన్నాను. కాదు కాదు, మీ ఉర్దూలో అయితే ఇంకా నేచురల్‌గా ఉంటుంది అంది. ఇంట్లో మేం మాట్లాడే తుర్కం వింటే ఉర్దూ పంతుళ్ళు చెవులు మూసుకుంటారు, అందులో సగం తెలుగే, ఆ సంగతి ఈ పిల్లకు ఎట్లా చెప్పేది! ఆమె రాసుకునే పుస్తకంలో ఏదో కొట్టేసుకుని దిగిపోయింది. నరసింహ ఎక్కి వచ్చాడు. నా చెవి దగ్గర వంగి, పెద్దాయన కొంపల్లి దగ్గరే ఆగిపోయాడు, అక్కడెవరో దండలు వేస్తున్నారట, జనం లేచిపోకుండా ముందు నిన్ను మాట్లాడిస్తారు అన్నాడు. మంచిదే కదా, లైవ్‌లో మొదటి మాటే నాది అన్నాను. వాడు ఇంకాస్త కిందికి వంగాడు.

“లైవ్ పెద్దాయన మాట్లాడేటప్పుడే పెడతరంట అమ్మా. నీది రికార్డింగ్. నాకు గిప్పుడే జెప్పిండ్రు.”

రికార్డింగ్. అంటే ఫైల్లోకే. తల్లీ బిడ్డా ఒకే ఫైల్లో. నేను గొంతు చించుకుని అబద్ధం అని అరిచినా, ఆ అరుపు తీసేసి నోరు మాత్రం ఉంచుకుంటారు, దానికి ఆ గంభీరమైన గొంతు తగిలిస్తారు, ఏ సంవత్సరం ఏ సంగతికి కావాలంటే ఆ సంగతికి. ఈ బురఖా ఇక్కడే విప్పి విసిరికొట్టి వెళ్ళిపోనా? అది ఇంకా పెద్ద వార్త, పరదా విసిరికొట్టిన ముస్లిం మహిళ అని తెల్లారేదాకా తిప్పి తిప్పి చూపిస్తారు, రేపు జాహిద్ మనుషులు మళ్ళీ వస్తారు, బోరబండలో మా పిల్ల బ్యాంకుకు పోతుంటే చూడు మీవాళ్ళే విప్పేస్తున్నారు నీకేమైంది అంటారు. ఉంచుకుంటే ఒక వార్త, తీస్తే ఒక వార్త. లేచి వెనకనుంచి దిగిపోతే? భయపడి పారిపోయింది అంటారు, దానికీ ఒక బొమ్మ ఉంటుంది. ఖాలిక్ చెప్పింది నిజమే. నోరు మూసుకుని కూర్చుందామా అంటే రేపు తొమ్మిదింటికి ప్రాక్టికల్స్. రిదా ఇప్పుడు ఏం చేస్తుంటుంది, కప్పను కోసే పెట్టె సర్దుకుందా, మంచం కింద అలాగే ఉందా? కెమెరాకు కళ్ళు దొరకొద్దని తల దించి కింద కుర్చీల్లోని కాళ్ళు చూస్తూ కూర్చున్నాను, మెట్టెలు, పసుపు, పచ్చబొట్లు, ప్లాస్టిక్ చెప్పులు, మూడో వరసలో ఒక ఎడమ కాలు, బొటనవేలు పక్కకు తిరిగి ఉంది.

ఆ వేలు నాకు తెలుసు. పందిరికి తీగ బిగించేటప్పుడు గడ్డపార జారి పడింది ఆ వేలి మీద, నేనే నా కొంగు చించి కట్టు కట్టాను, ఎముక సరిగ్గా అతకలేదు. బాలమణక్క. ముసుగు వేసుకుని, కుర్చీలో కూడా ఒక మోకాలు పైకి పెట్టుకుని కూర్చుంది, తోటగట్టు మీద కూర్చున్నట్టే. పటేల్ బండెక్కమంటే ఎక్కి ఉంటుంది, కాదంటే రేపు పని ఉండదు. లేక నేనొస్తున్నానని తెలిసి వచ్చిందా? ముసుగులోంచి నా వైపే చూస్తోందా? ఆమె పక్కన ఎవరు, ఆ పక్కన ఎవరు, నేను ఒక్కొక్క జత కాళ్ళే చూసుకుంటూ పోయాను, అందరూ మా ఊరివాళ్ళు, మా వీధివాళ్ళు, రిదా ఏడున్నరకు బస్సు వెనక పరుగెత్తుతుంటే రోజూ చూసేవాళ్ళు, ఆ కార్యక్రమం చూసి బుగ్గలు నొక్కుకున్నవాళ్ళు. నాకు టీవీతో ఏం పని? రిదాకు రేపు ఎదురయ్యేది వీళ్ళు. పందొమ్మిది రోజులుగా టీవీ వాళ్ళతో చెప్పించాలని తిరిగాను కానీ, పక్కింటి గడప దాకా పోయి ఒక్క మాట చెప్పడానికి నాకు అహం అడ్డొచ్చింది.

నా పేరు పిలిచారు. సాలేహా బేగం గారు అన్నారు, గారు కూడా తగిలించారు. కాగితం కుర్చీలోనే వదిలేసి మైకు దగ్గరికి పోయాను. కెమెరా నా మీదికి తిరిగింది, ఎర్రదీపం వెలిగింది. నేను దాని వైపు చూడలేదు. “నా బిడ్డ రిదాను టీవీల జూపెట్టిండ్రు. అది బస్సు గురించి మాట్లాడిన మాట” అన్నానో లేదో లక్ష్మణ్ పటేల్ కింద నుంచి చేయి ఊపాడు, మైకు గుక్కపట్టినట్టు ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో కాగితం చదవమ్మా అంటున్నారు. మైకు ఎవరికి కావాలి? ఫిబ్రవరి, మార్చిల్లో ద్రాక్ష పండుతుంటే చిలుకలు గుంపులుగా దిగుతాయి, ఇరవయ్యేళ్ళు తోట ఈ మూల నుంచి ఆ మూలకు నేను అరిస్తే చిలుకలు లేచిపోయేవి, అవతలి మూల నుంచి బాలమణక్క అందుకునేది. ముసుగు తీయలేదు, ఏమీ తీయలేదు. పొట్ట నిండా గాలి తీసుకుని అదే గొంతుతో పిలిచాను.

“బాలమణక్కా!”

షామియానా కింద అందరూ తలలు తిప్పారు. మూడో వరసలో నల్లబట్ట కదిలింది.

“నా చేతుల పలక పెట్టి పేపర్ల ఏస్తె నువ్వు నమ్మలె. గిప్పుడు నువ్వు బొడ్డు కోసిన పిల్లను నేను అమ్ముకుంటనంటె ఎట్ల నమ్మినవక్కా?”

అంతే అన్నాను. కెమెరా పట్టుకున్న మనిషి ఎవరిని తియ్యాలో తెలియక నా మీంచి జనం మీదికి తిప్పాడు. బాలమణక్క లేచి నిలబడింది. ముసుగు ఎట్లా తియ్యాలో తెలియక కాసేపు తంటాలు పడింది, పిన్ను దొరకలేదు, విసుగొచ్చి మొత్తం పైకి లాగేసి నెత్తి మీద వేసుకుంది. రూపాయి బిళ్ళంత బొట్టు, చెమటకు కారి ముక్కు దాకా వచ్చింది. వెనక వరసల్లో ఎవరో పక్కున నవ్వారు. లక్ష్మణ్ పటేల్ బంద్ చెయ్ బంద్ చెయ్ అంటూ కెమెరాకు అడ్డంగా చేతులు పెట్టాడు, ఎర్రదీపం ఆరిపోయింది. నరసింహ అక్కడే నిలబడి నేల చూస్తున్నాడు.

“తప్పయిందే సాలమ్మా. టీవీల జూసి నా మతి గడ్డి తిన్నది” అంది బాలమణక్క, తోటలో మాట్లాడినట్టే, అందరికీ వినబడేటట్టు. “నువ్వు తలుపేస్తివి, నేను నీ గల్లీలకెల్లి దినాం తిరుగుతనే ఉన్న. రేపు ఏడింటికి మీ వాకిట్ల ఉంట. పిల్లకు జెడేసి కూసోబెట్టు. ఆ బస్సు ఎట్ల ఆపడో నేను జూస్త.”

పైన ఇంకో విమానం పోయింది. కెమెరా మూతికి నల్ల మూత పెట్టేశారు, దాన్ని ఒకసారి చూసి, చేయెత్తి, మెడ వెనక చీటీని పట్టుకుని తెంపి పారేశాను.